కెరటం మందు

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక రెండో వేసవిలో నన్ను సబ్ అసిస్టెంట్ సర్జన్‌గా బరంపురం వేశారు. మద్రాసు ప్రభుత్వంలో చేరినవాణ్ణి, సరిహద్దు జరగ్గానే కూర్చున్నచోటే ఒరిస్సా ఉద్యోగినయ్యాను. పై అధికారి సివిల్ సర్జన్ ఇంగ్లీషులో ఆజ్ఞాపించేవారు. కాంపౌండరు ఒడియాలో విసుక్కునేవాడు. రోగులు నాకు సగమే తెలిసే తెలుగులో బాధ చెప్పుకునేవారు. నాది గోదావరి ఒడ్డు తెలుగు.

నల్లమందు అలవాటున్నవాళ్లను చూడడం నా పనుల్లో ఒకటి. అప్పట్లో అలాంటివాళ్లకు ఎక్సైజు శాఖ పాసు ఇచ్చేది. అది చూపితే బడా బజార్‌లోని లైసెన్సు దుకాణంలో అందులో రాసినంత సరుకు దొరికేది. మానాలనుకున్నవాణ్ణి మేము వార్డులో ఉంచి, మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఒళ్లునొప్పులకూ నిద్రకూ మిక్స్చర్ ఇచ్చి ఇంటికి పంపేవాళ్లం. పూర్తిగా మానాడని డాక్టరు రాస్తే పాసు రద్దయ్యేది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉండేది.

చమఖండి నుంచి గురువులు అనే జాలరి వచ్చాడు. అతను తండేలు, అంటే పడవకు పెద్ద. ఒడ్డు దగ్గర కెరటాలు దాటేటప్పుడు వెనక తెడ్డు పట్టేవాడు. నల్లమందు ఎక్కువై వేటలోనే తూగుతున్నాడని పడవలోవాళ్లు కట్టడి పెట్టారు: వేట కాలం మొదలయ్యేలోగా మానితే సరి, లేకపోతే తెడ్డు బావమరిది సింహాచలానిది. తెడ్డు పోవడం గురువులుకు తల తీసేసినంత పని. వార్డులో బుద్ధిగా ఉన్నాడు, మోతాదు సగానికి దిగింది. నా అంత వైద్యుడు లేడనుకున్నాను. పంపేటప్పుడు మిక్స్చర్ సీసా భార్య పోలమ్మ చేతికిచ్చి, ఏం జరిగినా మందు ఒక్క పూట కూడా మానిపించవద్దని మరీ మరీ చెప్పాను.

మళ్లీ వచ్చినప్పుడు చూస్తే అతని కంటిపాపలు గుండుసూది మొనంత ఉన్నాయి. మనిషి పూర్తి మత్తులో ఉన్నాడు. మందు సరిగ్గా ఇస్తున్నావా అంటే ఇస్తున్నానంది పోలమ్మ. మిక్స్చర్ మార్చి, అదే హెచ్చరిక చేసి పంపాను. ఆ పై రాకకు ఇంకా దిగజారాడు. నాకు బుర్ర తిరిగిపోయింది. కోపం పట్టలేక అబద్ధాలాడుతున్నావని పోలమ్మను కసిరాను.

ఆవిడ నొచ్చుకుంది. "మీరే కదా బాబూ మందు మానొద్దన్నారు. ఒక్క పూట మాననిచ్చినానా? ఆ సీసానీల్లే సేదని పారబోసీసినాడు" అంది.

వాళ్లింట్లో మందంటే నల్లమందే. నేనిచ్చింది సీసానీళ్లు. కాంపౌండరు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో మాత్రం తేలలేదు. ఇక ఆ మాటే పట్టుకుని, ఏ పూట ఏ మందు ఇస్తున్నావమ్మా అని నెమ్మదిగా అడిగాను.

"పొద్దుటిది సలి మందు. రేత్రిది నిద్ర మందు. పడవ తోసే ముందర ఏసుకునీది కెరటం మందు. ముందరి రెండూ మానీగలడు బాబూ. కెరటం మందు నేకపోతే పడవెక్కడు" అంది. అతని తమ్ముడు పడవ తిరగబడి కెరటాల్లోనే పోయాడట. ఆ రోజు తెడ్డు గురువులు చేతిలోనే ఉంది.

నేను చదివిన పుస్తకాల్లో నల్లమందు ఒక్కటే. ఇక్కడ ఒకే ముద్దకు మూడు పేర్లూ మూడు పనులూ ఉన్నాయి. సరే, పేరుపేరునా మానిపిద్దామనుకున్నాను. చలిమందు బదులు కంబళీ, అల్లం కషాయం పెట్టాం. నిద్రమందు కొన్నాళ్లు సతాయించి పోయింది. మూడోది కదల్లేదు, వేట లేని రోజుల్లోనూ కెరటాల దగ్గరికి వెళ్లాలంటే అది పడాల్సిందే. దాని సంగతి చూద్దామని రైల్లో ఛత్రపురం దిగి చమఖండి వెళ్లాను.

ఇంటి దగ్గర కులాసాగా కబుర్లు చెప్పిన మనిషి, కెరటాల హోరు వినిపించే ఇసుకలోకి రాగానే ఆవులించడం మొదలుపెట్టాడు. కళ్లూ ముక్కూ కారాయి, ఒళ్లు గగుర్పొడిచింది. సరుకు అందనివాడికి వచ్చే లక్షణాలే అవన్నీ. వార్డులో అంతకంటే ఎక్కువసేపు ఏమీ లేకుండానే బాగున్నవాడికి ఇక్కడ ఎందుకొచ్చాయి? మందు లేక భయమా, భయం వల్ల మందా? చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంది వ్యవహారం. నాకు తెలియలేదు, తెలియదనే వాళ్లతో చెప్పాను.

తెలియకుండానే ఒక ఉపాయం చెప్పాను. వేట ఊసెత్తకుండా రోజూ వచ్చి ఇసుకలో కూర్చో, ఆవులింతలు వాటంతటవే ఆగేదాకా లేవకు అన్నాను. పోలమ్మ పక్కన కూర్చునేది. ఆవులింతలు ఆగడానికి పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. తర్వాత ఒడ్డున లాగిపెట్టిన పడవలో కూర్చోమన్నాను, ఆ తర్వాత మోకాటి లోతు నీళ్లలో. ఊరివాళ్లు బాగానే వేళాకోళం చేశారు. మధ్యలో రెండుసార్లు తప్పి మందు వేసుకున్నాడు. తప్పిన సంగతి నా దగ్గర దాచవద్దని మాత్రం మాట తీసుకున్నాను.

వేట మొదలైన రోజు మందు వేసుకోకుండా కెరటాలు దాటాడు, కానీ ముందువైపు కూర్చుని. వెనక తెడ్డు తనకొద్దంటే సింహాచలం పట్టాడు. ఒడ్డుకు తిరిగొచ్చాక ఇసుకలో వాంతి చేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది. రేపోమాపో తెడ్డు అడుగుతాడని ఎదురుచూశాను. అతను మళ్లీ నల్లమందు ముట్టలేదు. తెడ్డూ ముట్టలేదు.

నయమైందా లేదా, ఒక్క మాటలో చెప్పమన్నారు సివిల్ సర్జన్. నల్లమందు మానాడు గాని తెడ్డు పట్టలేకపోతున్నాడన్నాను. తెడ్డు సంగతి తానడగలేదన్నారు. నయమైందని రాశాను, పాసు రద్దయింది. ఆ మాట చెబితే పోలమ్మ దణ్ణం పెట్టి, "మందు మానిపించినారు. మరి ఆ బయానికి మందేటి బాబూ?" అని అడిగింది. మా దగ్గర లేదన్నాను.

ఆ తర్వాత ఏ ఊళ్లో పనిచేసినా, ఎంత వేసుకుంటున్నావని రోగిని ముందుగా అడగలేదు. అది నీకు ఏం పని చేసిపెడుతోందని అడిగాను. అది మానేస్తే ఆ పని మళ్లీ అతని నెత్తినే పడుతుంది. దాన్ని మోయడం నేర్పకుండా మానిపించడం సగం వైద్యం.