నెమ్మదిగా వాయించమన్నాను

మా చుట్టాల్లో ఏ పెళ్లి జరిగినా, ఏ బారసాల జరిగినా, భోజనాలు ముగిసి అందరూ తాంబూలాలు నములుతున్న వేళ మా మావయ్య గొంతు సవరించుకుని ఒక కథ మొదలుపెడతాడు. "మా మేనకోడలి నోరంటే ఏవనుకున్నారండీ! దాని నోటికి జడిసి ఓ శాక్సాఫోను వాయించే పెద్దమనిషి నిండు సభలో వాయిద్యం ఒళ్లో పెట్టేసుకున్నాడు. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు, ఆయ్!" అంటాడు. జనం పడీ పడీ నవ్వుతారు. మా ఆయనైతే ఎన్నోసారి విన్నా మొదటిసారి విన్నట్టే నవ్వుతాడు (నాతో కాపురం చేస్తున్నవాడు, ఆ నవ్వులో ఆయన బాధ ఆయనకుంటుంది). నేను కాదని నోరు తెరిస్తే, "చూశారా, మళ్లీ మొదలెట్టింది" అంటారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, ఇక్కడ ఎవరూ మధ్యలో అడ్డం రాలేరు. ఆ శాక్సాఫోను పెద్దమనిషి నా నోటికి జడవలేదు. ఆ హాలులో నాకు జడవని మనిషి ఆయనొక్కడే. ఇక మావయ్య సంగతి. ఆ ఉదంతంలో తన చేతులు చేసిన పనులు రెండున్నాయి. ఇన్నేళ్లలో వాటి ఊసు ఒక్కసారీ ఎత్తలేదు.

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, విశాఖపట్నం పోర్టు క్వార్టర్సులో ఉండే మాబోటి వాళ్లకు సంగీతమంటే క్యాసెట్లో సినిమా పాట, లేదా పక్కవీధి గుడి మైకు. మాది నరసాపురం వైపు. నాన్న పోర్టు ఉద్యోగానికని వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా ఒక మధ్యాహ్నం ఆఫీసులోనే ఛాతీ పట్టుకుని పడిపోయాడు. అదే ఆఫీసులో అమ్మకు ఉద్యోగమిచ్చారు, నాన్న కూర్చున్న గదికి రెండు గదుల అవతల. అమ్మ తొమ్మిదింటికి క్యారేజీ పట్టుకుని వెళ్లేది, ఆరింటికి వచ్చేది. కిటికీల మీద రోజూ పేరుకునే ఇనుప ఖనిజం ధూళి తుడిచేది, పడుకునేది. పన్నెండో రోజు తర్వాత మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఏడవకూడదని ఎవరూ అనలేదు, అలా కుదిరిపోయింది. మాకు తోడుగా వచ్చి ఉండిపోయిన మావయ్య పోర్టులోనే ఎలక్ట్రికల్ ఫిట్టరు. ఆయన జోకులేస్తే మేం మర్యాదకు నవ్వేవాళ్లం.

డిగ్రీలో చేరిన ఏడాది చదువుకోవడానికి టేబుల్ లైటు కోసం పాతనగరం వెళ్లాను. అక్కడ విదేశీ ఓడల నుంచి దిగిన పాత సామాను అమ్మే కొట్టొకటి ఉండేది. తాళ్లు, దుప్పట్లు, పింగాణీ పళ్లేలు, పనిచేయని రేడియోలు. కొట్టాయనను ఊరంతా ఓడల బావ అనేవారు. నేను లైటు సంగతి మరిచిపోయి ఒక మూల గోనెపట్టా మీదున్న రికార్డు ప్లేయరు, దాని పక్కన అయిదు రికార్డులు తిరగేస్తుంటే, "ఏటమ్మా, లైటు కోసం వచ్చి నల్ల సక్రాలు సూత్తన్నావు? అవి జాజ్ రికార్డులు. మనోళ్లు ఎవులూ కొనరు. పట్టుకుపో, లైటుకి ఇచ్చిందే దీనికీ ఇచ్చీ" అన్నాడు. మనవాళ్లెవరూ కొనరన్నాడు గనక కొన్నాను. అప్పటికి నా స్వభావం అంతే.

ప్లేయరుకు లోపల పళ్లేన్ని తిప్పే రబ్బరు బెల్టు లేదు. మావయ్య సిద్ధాంతం ప్రకారం లోకంలో ఏ యంత్రం మూలబడినా కారణం రబ్బరు, దానికి మందు సైకిలు ట్యూబు. పాత ట్యూబులోంచి ఉంగరంలాంటి ముక్క కత్తిరించి తొడిగాడు. "తిరుగుతోందా లేదా?" అన్నాడు. తిరిగింది. కాకపోతే ఆ ముక్క వదులుగా జారుతూ, తిరగాల్సినదానికంటే బాగా నెమ్మదిగా తిరిగింది. మీకిది ఇప్పుడే చెప్పేస్తున్నాను, నాకు తెలియడానికి మాత్రం మూడేళ్లు పట్టింది. పోల్చి చూసుకోవడానికి ఇంట్లో మరో ప్లేయరు ఉంటేగా! పాతబడిపోయిన జాజ్ ఇంత నిదానంగానే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఆ అయిదింటిలో అట్ట లేనిది, మధ్య కాగితం ఉప్పుగాలికి ఊడిపోయినది ఒకటుండేది. దాని రెండో వైపు మూడో పాట నా ప్రాణం. ఒక పెద్దాయన బావిలోంచి మాట్లాడుతున్నట్టు పాడేవాడు. ఒక్కో మాటకూ మధ్య ఒక మనిషి గుమ్మం దాటి వెళ్లిపోయేంత ఖాళీ. ఆయన ఆగాక శాక్సాఫోను అందుకుని మిగిలింది ఏడ్చేది. మొదటిసారి పెట్టినప్పుడు అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "ఎవరే ఆ ఏడుస్తున్నాయన?" అంది. "ఏడవడం కాదమ్మా, జాజ్." "ఏదో ఒకటి. వాళ్లింట్లో ఎవరు పోయారో పాపం" అంది. పాట అయ్యేదాకా చేట కదల్లేదు. తర్వాత చాలా ఆదివారాలు, "ఆ పెద్దాయన్ని పెట్టవే" అని తనే అడిగేది. మేమిద్దరం మా ఏడుపు కూడా ఆయన చేతే ఏడిపించుకుని ఎవరి పనికి వాళ్లం పోయేవాళ్లం.

మూడేళ్లలో నా దగ్గర ఇరవై పైచిలుకు రికార్డులు చేరాయి. లైబ్రరీలో దొరికిన ఒకే ఒక పుస్తకం చదివి, కాలేజీలో జాజ్ గురించి నాకు తెలియనిది లేదన్నట్టు వాదించేదాన్ని. అవతలివాళ్లకు అసలేమీ తెలియదు కాబట్టి ఎప్పుడూ గెలిచేదాన్ని. కానీ మనిషి ఊపిరితో, నా కళ్లెదురుగా, ఆ పాట వినాలని ఒక్కటే కోరిక ఉండేది. విశాఖపట్నంలో అది తీరేది కాదని తెలుసు. అలాంటిది ఒక రోజు ఓడల బావ, "ఆదివారం సాయంత్రం రైల్వే వాళ్ల క్లబ్బుకి రండమ్మా. మా గార్డు తాత శాక్సు వాయిత్తాడు, నాను డ్రమ్ములు కొడతాను" అన్నాడు. గార్డు తాత అంటే వాల్తేరు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్ ముసలాయనట. ఒకప్పుడు డ్యాన్సులకు వాయించే అయిదుగురి బ్యాండు వాళ్లది. ఇద్దరు ఆస్ట్రేలియా వెళ్లిపోయారు, ఒకాయన పైకి వెళ్లిపోయాడు. "ఈ ఆదివారం బాగుంటే నెలనెలా పెట్టుకోమన్నారు క్లబ్బోళ్లు. తాత దానికోసమే బతుకుతున్నాడు" అన్నాడు బావ. ఆ మాట విన్నాను. విని ఏం లాభం, నాకు నా పాటే కావాలి.

ఆదివారం వాన. మావయ్య స్కూటరు మీద తడుస్తూ వెళ్లాం. దారి పొడుగునా ఆయనకు పాఠం చెప్పాను. జాజ్ కచేరీలో పాట అయ్యేదాకా ఆగకూడదు, ఒక వాద్యగాడు తన వంతు ముగించి ఆపగానే, పాట మధ్యలోనైనా సరే, చప్పట్లు కొట్టాలి, కొట్టకపోతే మనం మోటువాళ్లమనుకుంటారు అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. "సరేలేవే, నువ్వు కొడితే నేనూ కొడతాను" అన్నాడు. హాల్లో ముప్పయి మంది ఉంటారేమో. గోడలకు చెమ్మ, ఒక బల్ల మీద టీ, కేకు ముక్కలు. గార్డు తాత సన్నగా, తనకంటే రెండు కొలతలు పెద్దదైన కోటులో, పక్కన కుర్చీ వేసుకుని నిలబడ్డాడు. మొదలుపెట్టాడు. ఒక పాట, రెండు పాటలు, మూడు, అన్నీ ఒకటే పరుగు. ముసలమ్మలు కాళ్లతో తాళం వేస్తున్నారు. "బావుందే, పెళ్లి బ్యాండు ఊపుంది" అన్నాడు మావయ్య. నాలుగోది ఎత్తుకోగానే గుర్తుపట్టాను, అది నా పాట. అమ్మకూ నాకూ బదులుగా ఏడ్చిన పాట. దాని చేత గంతులు వేయిస్తున్నాడు.

అయ్యాక ఆయన చెమట తుడుచుకుని, "ఎవరికైనా ఏదైనా పాట కావాలా?" అని అడిగాడు. లేచి నిలబడ్డాను. "ఇప్పుడు మీరు వాయించింది తప్పండీ" అన్నాను.

"ఏటి బేబీ, తప్పా?" అన్నాడు, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని.

"అంత తొందరేమిటండీ? అది ఏడ్చే పాట. దాన్ని మీరు రైలెక్కించేశారు."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "గార్డుని కదా బేబీ, లేటైతే నాకు మెమో ఇచ్చేస్తారు." మళ్లీ నవ్వారు. అక్కడ కూర్చోవలసింది. నేను కూర్చుంటానా? నా దగ్గర అసలు రికార్డుందన్నాను, మూడేళ్లుగా వింటున్నానన్నాను, పాడినాయన ఒక్కో మాటనీ ఎలా ఆపి ఆపి పాడాడో మీరు వినే ఉండరన్నాను. ఓడల బావ వెనకనుంచి కళ్లతో వద్దు వద్దంటున్నాడు. "తాతా, ఒగ్గీ. తరవాతి పాటకి ఎల్లిపోదాం" అని గొణుగుతున్నాడు. తాత మాత్రం, "ఉండు మ్యాన్. ఏది బేబీ, ఎలాగుంటాదో కాస్త పాడి సూపించు" అన్నాడు.

పాడాను. అంతమందిలో, ఆ పెద్దాయన గొంతు పెట్టి, బావిలోంచి వచ్చినట్టు. ఆయన శాక్సాఫోను నోటికి తీసుకుని నా స్వరం కోసం వెతికాడు. అక్కడ కాదు, ఇంకా కింద, ఇంకా కింద. దొరికింది. ఒక్క క్షణం నావైపే చూశాడు. "ఎవరు పాడారన్నావు?" "ఒక పెద్దాయనండీ." "పెద్దాయన" అన్నాడు మెల్లగా. "అవును, పెద్దాయనే. సూపర్‌గా పాడతాడు." ఆ తర్వాత హాలువైపు తిరిగి, ఈ అమ్మాయి చెప్పినట్టే వాయిస్తున్నానన్నాడు. గెలిచానన్నమాట. దర్జాగా కూర్చున్నాను.

మొదటి వరుస వాయించాడు. అచ్చం నా పాటే, మా గదిలో విన్నట్టే, అంతకంటే దగ్గరగా. కళ్లు మూసుకున్నాను. రెండో వరుసలో పొడుగు స్వరం ఒకటుంది, దాని చివర కొంచెం వణికింది. అది కూడా గమకమే అనుకున్నాను. మూడో వరుస సగంలో ఆగింది. కళ్లు తెరిస్తే ఆయన కుర్చీలో కూర్చుని, శాక్సాఫోను ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని ఉన్నాడు. వంతు ముగిసిందనుకున్నాను. పుస్తకంలో ఉన్నట్టు చప్పట్లు కొట్టాను. పక్కన మావయ్య, నేను కొట్టానని, నాకంటే గట్టిగా కొట్టాడు. హాల్లో ఇంకెవరూ కొట్టలేదు. ముప్పయి మంది మావైపు తిరిగి చూశారు. అప్పుడు వినబడింది ఆయన ఊపిరి, తుప్పుపట్టిన తలుపు తీసి వేస్తున్నట్టు. ఓడల బావ డ్రమ్ములు వదిలేసి నీళ్లకోసం పరిగెత్తాడు.

రెండు రోజుల తర్వాత కొట్టుకు వెళితే బావ ముఖం చూడకుండా తాళ్లు చుడుతున్నాడు. "ఇప్పుడెలా ఉందండీ ఆయనకి?" అన్నాను. "మనిషి బాగానే ఉన్నాడు. ఇంక వాయించడు. క్లబ్బోళ్లు కూడా వద్దన్నారు" అన్నాడు. తర్వాత ఆపుకోలేకపోయాడు. "ఊపిరి లేదమ్మా ఆ మడిసికి. పరుగులో అయితే ముక్క ముక్కకీ గాలి పీల్సుకుంటాడు, ఎవులికీ తెల్దు. నెమ్మదిగా వాయిత్తే దొరికిపోతాడని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అందుకే ఒగ్గీమన్నాను. నువ్వు నిలబడి తగువాడినావు." నేను తగువాడకుండా ఒక తాడు కొస అందుకుని చుట్టసాగాను (మావయ్య చెప్పే కథలో ఈ ఘట్టం కూడా ఉంటే బాగుండును). కాసేపటికి బావే, "ఇంతకీ నువ్వు ఇన్న పాట ఏటో, ఆ సక్రం ఓసారి తేమ్మా" అన్నాడు.

మర్నాడు తీసుకెళ్లాను. కొట్లో సరైన బెల్టున్న ప్లేయరు మీద పెట్టాడు. సూది దిగగానే ఒక ఆడపిల్ల గొంతు, నవ్వుతూ, ఉయ్యాల ఊగుతున్నట్టు పాడుతోంది. వేరే రికార్డు పెట్టారేమో అన్నాను. కాదన్నాడు. శాక్సాఫోను వచ్చింది, గార్డు తాత వాయించిన పరుగే, ఆ గంతులే. "సక్రం నెమ్మదిగా తిరిగితే ఆడగొంతు కూడా కిందికి దిగి మగగొంతైపోద్దమ్మా, మీ బెల్టు ఎవులేసినారు?" అన్నాడు బావ. ఇంటికొచ్చాక అమ్మకు చెప్పలేదు. ఆ ఆదివారం తను అడిగితే, సైకిలు ట్యూబుతోనే పెట్టాను.

తాత దగ్గరకు వెళ్లి క్షమాపణ అడగాలనుకున్నాను. అడగడం అలవాటు లేక ఆలస్యం చేశాను, పరీక్షలన్నాను, వానలన్నాను. చివరికి రైల్వే కాలనీలో ఇల్లు వెతుక్కుంటూ వెళితే తాళం ఉంది. ఖరగ్‌పూర్‌లో చెల్లెలి దగ్గరకు వెళ్లిపోయాడని పక్కింటావిడ చెప్పింది. మరుసటి ఏడు అక్కడే పోయాడని బావ చెప్పాడు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఆ పాట ఫోన్లో, సరైన వేగంతో దొరుకుతోంది. ఎంత సంబరంగా పాడిందో ఆవిడ! మూడేళ్లపాటు ఆవిడకు మీసాలు పెట్టి, ఆ మీసాల తరఫున ఊరందరితో పోట్లాడిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, నవ్వు మధ్యలో ఆగిపోతుంది. ఎందుకంటే ఆయనకు తెలుసు. నా స్వరం ఎంత కిందుందో వెతికి పట్టుకున్నప్పుడే మా మిషను నెమ్మదిగా తిరుగుతోందని ఆయనకు తెలిసిపోయింది. "బేబీ, మీ బెల్టు మార్పించుకో" అంటే చాలు. హాలంతా నన్ను చూసి నవ్వేది, ఆయన తర్వాతి పాటకు వెళ్లిపోయేవాడు, నెలనెలా వాయించుకునేవాడు. నా జీవితంలో నాతో వాదనకు దిగినవాళ్లెవరూ చేతిలో ఉన్న గెలుపు మాటను మింగలేదు, మా ఆయనతో సహా. పాట పూర్తిచేసే ఊపిరి లేదని తెలిసి కూడా, ముక్కూ మొహం తెలియని ఒక వాగుడుకాయ దగ్గర ఆ మనిషి ఎందుకు ఓడిపోయినట్టు?