బందునాడు నూకిన రేసు కారు

మా ఇంట్లో అద్దెకుండిన సారు పోయారని, పోయిన ఆదివారం పొద్దున సిరిసిల్ల నుంచి ఆయన తమ్ముడు ఫోను చేశాడు. గుండెపోటట. దీపం పెట్టబోతున్న వత్తి నా చేతిలోనే ఉండిపోయింది. ఆ వేళకు మా బిడ్డ చెన్నై దగ్గర రేసు ట్రాక్ మీద ఉంది. రేసు కార్లను సిద్ధం చేసే ఇంజనీరు తను. పోటీ అయ్యేదాకా ఫోను ముట్టదు. తనను ఆ దారిలో పెట్టిన మనిషి ఇక లేడని ఎట్లా చెప్పాలో తెలియక, ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

సారు కోరుట్లలో మా ముందరి గదిలో ఉంటూ, జగిత్యాల రోడ్డులోని ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. అన్నం తింటూ తింటూ లేచి, పక్కింటి నీళ్ల మోటారు చప్పుడు విని వచ్చేవారు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగాను, చప్పుడు మారితే నిద్రలో కూడా లేస్తాను అనేవారు. బిడ్డ రేసు కార్ల ఇంజనీరు అవుతానంటే, దుబాయిలో ఉన్న మా ఆయన ఫోనులో పగలబడి నవ్వారు. సారు ఫోను అందుకుని, "నవ్వు బావా, నవ్వు. అయిపోయినంక చెప్పు, నేను లైన్లనే ఉంట" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. బిడ్డను సారు కాలేజీలో చేర్పించడానికి మాత్రం మా ఆయన ఒప్పుకున్నారు.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదున్న రోజులవి. ఆ ఏడాదే సారు మా బిడ్డతో, తన కాలేజీ పిల్లలతో కలిసి చిన్న రేసు కారు చేయించారు. చెన్నై పోటీలో ముందు బ్రేకు పరీక్ష ఉంటుంది. నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకుపోవాలి. ఒక్కటి తిరిగినా ట్రాక్ మీదికి రానివ్వరు. రేసు టీముల వాళ్లు అక్కడికే వచ్చి పిల్లలను పనిలోకి ఎంచుకుంటారు. మా బిడ్డకు ఆ ఒక్క దారే ఉంది. వ్యాను బయల్దేరాల్సిన రోజే బందు వచ్చింది. సాయంత్రం బందు ముగిశాక బయల్దేరుదామన్నారు. కానీ బ్రేకు ఇంకా పరీక్షించనే లేదు.

ఆ రోజు మా ఆడవాళ్లం నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు పెట్టుకున్నాం. అన్నం ఉడుకుతుండగా సారూ పిల్లలూ కారును తోసుకుంటూ వచ్చారు.

"ఓ సారూ! బండ్లు నడపొద్దని మైకుల మొత్తుకుంటిరి, గిదేంది మరి?" అంది గంటె పట్టుకున్న మా వదిన.

"ఇంజను బందే అక్కా. నూకుడుకు బందు లేదు గద!"

"గిట్ల నూకితె పొద్దుగూకుతది. పొద్దున తినలేదా పోరగాండ్లు? జరుగుర్రి!"

పక్కనే తెలంగాణ కోసం వేసిన దీక్షా శిబిరంలోని వాళ్లంతా లేచి వచ్చారు. జై తెలంగాణ అంటూ పరుగున నూకారు. లోపల కూర్చున్న మా బిడ్డ బ్రేకు తొక్కింది. సారు రోడ్డు మీద బోర్లా పడుకుని చూశారు. మూడు చక్రాలు ఆగాయి, ముందరి ఎడమ చక్రం తిరిగింది. మళ్లీ నూకారు. మళ్లీ అంతే. బిడ్డ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరు బిగించారు, ఎవరు చూడలేదు అని పిల్లలు ఒకరినొకరు అనుకోసాగారు.

"ఎవలు జేసిన్రో తర్వాత. ముందు తప్పు ఏడున్నదో చూడుర్రి" అన్నారు సారు. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ ఉండేదే.

చక్రం విప్పి చూస్తే, బ్రేకు పట్టుకునే ఇనుప పళ్లెం మీద ఎర్రగా, జిడ్డుగా సింధూరం. కొండగట్టు అంజన్న గుడి సింధూరం, నూనెలో కలిపింది. కారుకు బొట్టు పెడదామని పొద్దున సారే తెచ్చారట. గుండ్రంగా, తళతళా మెరుస్తున్న ఆ పళ్లెమే కంటికి కనిపించి, దాని మీదే పెట్టేశారట.

"దొరికిండు దొంగ! నేనే" అని చెయ్యెత్తారు సారు. రోడ్డంతా నవ్వులే. పెట్రోలు గుడ్డతో తుడిచి, బ్రేకు దిమ్మలను గరుకు కాగితంతో రుద్దారు. ఈసారి ఇంకా గట్టిగా నూకారు. కారు కీచుమని ఆగింది. తారు మీద నాలుగు నల్లటి గీతలు పడ్డాయి.

పొద్దుగూకాక వ్యాను కదిలింది. మర్నాడు దీక్షలో కూర్చునే వంతు ఉందని సారు ఎక్కలేదు.

"మీరు లేకుంటె ఎట్ల సార్?" అంది బిడ్డ.

"బండి నిలవడ్డది. ఇగ నా పనేమున్నది? పో బిడ్డా."

పోయిన ఆదివారం సాయంత్రం బిడ్డే ఫోను చేసింది. చెప్పాను. "అమ్మా, ఆనాడు నేను పోయినంక సారు ఏం జేసిండు?" అని అడిగింది. అప్పటిదాకా నేనూ చెప్పలేదు.

ఆనాడు వ్యాను పోయాక, మేము అన్నం వండిన గంజు కడిగి నీళ్లు రోడ్డు మీదికి కుమ్మరించబోతున్నాం. సారు ఆ గీతల పక్కన గొంతుకూర్చుని, మా వైపు చెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కా, గా నీళ్లు అటు పారబొయ్యి. ఇంకింత సేపు చూసుకోనియ్యి."