ఆధారం మాస్టారు

ఇంగ్లీషు మాస్టారు ఎవరి మాటా ఊరికే నమ్మరు. నోరు తెరిస్తే "ఆధారమేదీ?" అంటారు. అందుకే హైస్కూలు పిల్లలంతా ఆయనకి ఆధారం మాస్టారని పేరు పెట్టేశారు.

పాఠంలోని ముసలాయన దిగులుగా ఉన్నాడని పదో తరగతి అమ్మాయి ఒకతి అన్నదే పాపం, ఆయన పట్టుకున్నారు.

"దిగులని నీకెవరు చెప్పారు?"

"అన్నం ముట్టలేదు కద సార్."

"ఆకలి లేదేమో! ఇంకో వాక్యం చూపించు."

ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

ఇంట్లోనూ ఇదే వరస. వంటయింది రమ్మని భార్య పిలిస్తే, "ఆధారం?" అన్నారట. ఆవిడ గరిటె చూపించింది. ఆ పూటకి అది సరిపోయింది.

ఇక వ్యాసమంటే నాలుగుసార్లు తిరగరాయించందే వదలరు. అలా నలిగి నలిగి ఆ అమ్మాయి రాసిన వ్యాసం పోటీకి ఎంపికైంది. తీరా పంపాల్సిన ఆఖరి రోజు మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "ఇది నీ సొంతం కాదు, ఎక్కడో చూసి రాశావు. నీ పేరు కొట్టేస్తున్నా" అన్నారు.

నాలుగింటికి తపాలా వెళ్లిపోతుంది. అమ్మాయి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఎవరికి చెప్పుకోవాలి? ఏదీ నమ్మని మాస్టారికా?

మూడున్నరకి సంగతి తెలిసి ఆయనే కాగితాల కట్ట చంకన పెట్టుకుని విసవిసా హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్లారు. అమ్మాయీ వెనకే వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"చూసి రాసిందనడానికి ఆధారమేదండీ?"

"పదో తరగతి పిల్ల ఇంత బాగా రాస్తుందా మాస్టారూ?"

"రాయదు."

అమ్మాయి వెనక్కి తిరిగి వెళ్లిపోబోయింది.

"మొదటిసారి రాయదు. ఇదిగో, మొదట రాసింది. ఎంత ఘోరంగా ఉందో చూడండి! చూసి రాయడానికైనా ఇంత చెత్త ఎక్కడ దొరుకుతుందండీ? ఇది రెండోది, కాస్త నయం. ఇది మూడోది."

హెడ్‌మిస్ట్రెస్ అన్నీ తిరగేశారు. ప్రతి పేజీలోనూ ఆయన ఎర్రసిరా ప్రశ్నలు, వాటి కింద పిల్ల గజిబిజి జవాబులు. ఆవిడ నవ్వాపుకుంటూ వ్యాసాన్ని కవర్లో పెట్టి అమ్మాయి చేతికిచ్చారు.

"నా చిత్తుకాగితాలెందుకు దాచారు సార్?" బయటికొచ్చాక అడిగింది అమ్మాయి.

"నీవే కాదు, అందరివీ బీరువాలో ఉన్నాయి. మీరు బాగా రాసిన రోజున ఎవరో ఒకరు నమ్మరని నాకు తెలుసు."

"మరి మీరు నమ్మారా సార్, నేను రాయగలనని?"

"ఆ మొదటి చెత్త చదివిన రోజే నమ్మాను," అని కసిరారాయన. "ఇంకా నిలబడ్డావేం? తపాలా బండి పోతుంది, పరిగెత్తు!"

అమ్మాయి నవ్వుతూ పరిగెత్తింది.