తిప్పి బిగించిన హుక్కు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఆగేవాణ్ణి కాదు.

శామీర్‌పేట దగ్గర గుర్రపు స్వారీ నేర్పే ఫామ్‌లో డ్రైవర్‌గా ఉండేవాణ్ణి. పికప్ వెనక ట్రైలర్ తగిలించి గుర్రాలను తీసుకెళ్ళడం నా పని. వాటి ఆలనాపాలనా ఖాజా చాచాది. మా దారిలో ఊరివాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు. ఎక్కి దిగినప్పుడల్లా ట్రైలర్ ముందుభాగం నేలకు గీసుకునేది. ఫామ్ నడిపే సారు తిట్టేవాడు. ఒకరోజు నట్లు విప్పి, ట్రైలర్ తగిలించడానికి పికప్‌కున్న వంపు హుక్కును తలకిందులుగా తిప్పి బిగించాను. ట్రైలర్ మూతి జానెడు పైకి లేచింది. గీసుకోవడం ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ రోజు నుంచే ట్రైలర్ కుదపడం, తోక ఊపడం మొదలైంది. టైర్లలో గాలి తగ్గించి చూశాను. స్ప్రింగు పట్టీలకు గ్రీజు పెట్టాను. హుక్కు జోలికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదు? అది నేను చేసిన పని కాబట్టి.

చమేలి అనే ఆడగుర్రాన్ని మేడ్చల్ తీసుకెళ్తుంటే దారిలో చాచా బండి ఆపించాడు.

"బిడ్డా, మూతి మీదికి లేసింది, ఎన్క కుంగింది. గిట్లుంటే గుర్రం కాళ్ళు నిలుస్తయా? జర హుక్కు సూడు."

"లారీలు నడిపినోన్ని చాచా. నాకే జెప్తున్నవా? ఎక్కు జల్దీ."

ఆయన ఎక్కాడు. రెండు కిలోమీటర్లు పోలేదు, వెనక పెద్ద చప్పుడు. చమేలి పడిపోయింది. వెనక కాలు విరిగింది. ఇక లాభం లేదని డాక్టరు వచ్చి ప్రాణం తీసే సూది వేసేదాకా చాచా దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

సారు అడిగితే, చాచా తాడు వదులుగా కట్టాడని, అది కాలికి చుట్టుకుందని చెప్పాను. ఉద్యోగం పోతుందన్న భయమా? అదీ ఉంది. కానీ అంతకంటే, లద్దె ఎత్తే మనిషి చెప్పిందే నిజమైందని ఒప్పుకోవడం నాకు నామోషీ అనిపించింది. చాచా అది విని తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ సాయంత్రమే ఆయన్ను పనిలోంచి తీసేశారు.

మర్నాడు, ట్రైలర్ కడుగుతానని చెప్పి, హుక్కును మళ్ళీ సరిగ్గా తిప్పి బిగించాను. ఆపైన ఎన్ని గుర్రాలను తుర్కపల్లి దాకా లాక్కెళ్ళినా, మూతి గీసుకుందే తప్ప కుదుపు లేదు. "చూశావా, చాచా పోయాక ఎంత బాగుందో" అన్నారు ఫామ్‌లో. నేను తలూపాను.

ఏళ్ళ తర్వాత మేడ్చల్ బస్టాండులో చాచా కనిపించాడు. మళ్ళీ గుర్రాన్ని ముట్టలేదట. "ఆ దినం తాడు వదులైందేమో బిడ్డా. గుర్తుకొస్తలేదు" అన్నాడు. నా అబద్ధాన్ని ఆయనే నమ్మేశాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? టీ ఇప్పించి వచ్చేశాను.

పోయిన వానాకాలం చాచా చనిపోయాడు. అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేశాను.

ఇక క్షమించేవాళ్ళు లేరు. ఇది రాస్తే ఆయనకు ఒరిగేదీ లేదు. నాకే కాస్త ఊపిరాడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. అయినా ఒక్కసారి రాయనివ్వండి. ఆ రోజు చమేలి మెడ నుంచి తాడు విప్పింది నేనే. అది కాలికి చుట్టుకోలేదు. చాచా కొలతగానే కట్టాడు. ముడి గట్టిగానే ఉంది.