మండీ సగటు, నా పొట్టి గీత

మా నాయనకు వేంపల్లె దగ్గర చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉంది. కడపలో నేను డిగ్రీ చదివేటప్పుడు, మా స్టాటిస్టిక్స్ సారు క్లాసునంతా చీనీకాయల మండీకి తీసుకుపోతానని చెప్పగానే, ఇక నన్ను మించేవాళ్లు లేరనుకున్నాను. ఆ రోజు మండీకి వచ్చిన కాయల సగటు బరువును మేం అంచనా కట్టాలి. ఒక్కొక్కరం ముప్పై కాయలు ఏరి, తూచి, తొంభై ఐదు శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కట్టాలి. అంటే, అసలు సగటు ఎంత నుంచి ఎంత లోపల ఉండొచ్చో చెప్పే హద్దులు.

నా పక్కన కూర్చునే అమ్మాయిది మగ్గాల ఇల్లు. అమ్మా నాయనా ఇద్దరూ చీరలు నేస్తారు. చీనీచెట్టు ఎట్లుంటుందో కూడా ఎప్పుడూ చూడలేదని తనే చెప్పింది. వినడానికి నాకు హాయిగా అనిపించింది. అప్పటికి జరిగిన పరీక్షలన్నిటిలోనూ ఆమే నాకంటే ముందుంది మరి.

మండీలో మా కుప్ప కూడా ఉంది. నాయన నీడలో గోనెసంచి పరిచి నన్ను కూర్చోబెట్టాడు. చేతికందిన కాయలు తూచేసరికి నా పని అయిపోయింది. ఆమె మాత్రం కుప్పలన్నిటికీ నంబర్లు ఇచ్చి, చీటీలు తీసి, ఏ నంబరు వస్తే ఆ కుప్ప దగ్గరికి ఎండలో నడిచింది. పైనుంచే కాదు, అడుగునుంచి కూడా కాయలు లాగింది.

"ఆ పాపను చూడు, ఎట్ల కష్టపడతాందో. నువ్వేమో కూర్చున్న చోటే ఉండావు," అన్నాడు నాయన.

చీనీకాయల దగ్గర కూడా ఆమెనే మెచ్చుకోవాలా, అదీ మా నాయనే?

మరుసటి రోజు సారు బోర్డు మీద గ్రాముల కొలత వేసి, ఒక్కొక్కరి ఇంటర్వెల్‌ను ఒక్కో గీతగా గీయించారు. దాదాపు అందరి గీతలూ ఒకే చోటును దాటుకుంటూ పోయాయి. నాది మాత్రం దూరంగా కుడివైపున, ఎక్కువ బరువుల దగ్గర, అన్నిటికంటే పొట్టిగా నిలిచింది. ఎంత పొట్టిగా ఉంటే అంత కచ్చితం కదా అని నేను సంబరపడ్డాను.

"యాడ తీసినావమ్మా కాయలు?"

"మా కుప్పలోనే సార్."

క్లాసంతా నవ్వింది.

"ఒకే తోట కాయలు, అన్నీ ఒకే తీరు, అందుకే గీత పొట్టిది. ఇది మీ నాయన తోటకు సరిపోతాది, మండీకి కాదు," అన్నారు సారు. తర్వాత, తొంభై ఐదు శాతం అంటే ఏందని అడిగారు.

పోయిన పరువు నిలబెట్టుకుందామని నేనే ముందు లేచాను. "అసలు సగటు నా గీతలో ఉండేదానికి తొంభై ఐదు శాతం అవకాశం ఉండాది సార్."

సారు తల అడ్డంగా ఊపి ఆమెవైపు చూశారు.

"సగటు యాడికీ పోదు సార్, ఉండే చోటే ఉంటాది. ఏరినప్పుడల్లా మారేది మన గీతలే. ఇట్లనే నూరుసార్లు ఏరి గీస్తే, దగ్గర దగ్గర తొంభై ఐదు గీతలు దాన్ని పట్టుకుంటాయి. నా గీత పట్టుకునిందో లేదో నాకు తెలీదు."

సారు ఆమెతో మళ్లీ చెప్పించి, అందరినీ రాసుకోమన్నారు. నేను రాయలేదు. మధ్యాహ్నం ఆమె తన డబ్బాలోని చిత్రాన్నం నావైపు జరిపితే, ఆకలి లేదన్నాను.

ఆ వారంలోనే ఆమె వచ్చి, "ఇంకోసారి మండీకి పోదామా? నీకు కాయల సంగతి శానా తెలుసు," అంది. ఆమె ఒక్కతే పోయి ఇంకా నేర్చుకుంటుందేమోనన్న భయంతో వెళ్లాను.

ఈసారి నేనూ చీటీలు తీసి, కుప్పల అడుగున వెతికాను. ఆమె నిమ్మకాయంత కాయ ఒకటి చూపించి, "ఇదేంది, ఇంత చిన్నదుండాది?" అని అడిగింది.

"బోరు ఎండిపోయిన తోటది. నీళ్లు అందక ఊరలేదు."

శ్రద్ధగా విని, మళ్లీ ఇంకేదో అడిగింది. కాసేపు నా కోపం నాకు గుర్తురాలేదు.

మా రెండు గీతలు చూసి సారు, రెండూ సరిగ్గా ఏరి గీసినవే అన్నారు. ఎవరిది పొట్టిదా అని నేను దొంగచాటుగా కొలిచాను. ఆమెదే, రవ్వంత.

డిగ్రీ అయ్యాక ఇద్దరం కర్నూలులో పీజీకి దరఖాస్తు చేశాం. ఆమెకు నాకంటే మంచి ర్యాంకు వచ్చింది. ఫోన్ చేసి సంతోషమని చెప్పాను. పెట్టేశాక మా ర్యాంకుల తేడా ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. కర్నూలులో గది మాత్రం ఇద్దరం కలిసే తీసుకున్నాం.