మిరపకాయల పొగలో నాన్న గడ్డం

నేను డిగ్రీ పాసయ్యాను. పొద్దున్నే ఫోనులో హాల్‌టికెట్ నంబరు కొట్టి చూస్తే పాస్ అని వచ్చింది. నమ్మకం కుదరక పక్క వీధిలో ఉన్న నెట్ సెంటరుకి వెళ్లి కాగితం తీయించుకొచ్చాను. అందులోనూ అదే ఉంది. అటు నాన్న వైపు గానీ, ఇటు అమ్మ వైపు గానీ మా వాళ్లలో డిగ్రీ దాకా వెళ్లిన మనిషి ఇంతవరకూ లేడు. కూతురి పెళ్లయి, కొడుకు పనిలో చేరాక దూరవిద్యలో చేరాను. అన్ని పేపర్లూ గట్టెక్కాయి కానీ పర్యావరణం పేపరు ఒక్కటి ఉండిపోయింది. దాన్ని మళ్లీ రాయడానికి వెళ్లి, ప్రశ్నాపత్రం విప్పగానే నాకు నవ్వొచ్చింది. దుమ్ము, పొగ ఉండేచోట పనిచేసేవాళ్లు తమ ఊపిరిని ఎలా కాపాడుకోవాలో రాయమన్నారు. దాని జవాబు నేను పుస్తకంలో చదవలేదు. మా అమ్మ వంటింట్లో చూశాను.

అమ్మా నాన్నా ఇప్పుడు నా దగ్గరే ఉంటారు. కబురు విని నాన్న మంచం మీద లేచి కూర్చుని, "ఎంత పాసు?" అని అడిగాడు. మొత్తం పాసే అన్నాను. "అయితే ముందు మీ అమ్మకి సెప్పు" అన్నాడు. అమ్మ నాలుగు రోజులు ఉండి వస్తానని దువ్వాడలో మావయ్య ఇంటికి వెళ్లింది. చెప్పాలి, ఇంకా చాలామందికి చెప్పాలి. కానీ పొద్దుట్నించీ చూసి చూసి ఫోను ఛార్జింగ్ అయిపోయింది. అది ఎక్కేలోగా ఇది రాసేస్తాను.

నా చిన్నప్పుడు మేము మల్కాపురంలో ఉండేవాళ్లం. ఒక గది, దాని వెనక ఒక వంటిల్లు, ముందు చిన్న అరుగు. నాన్న పోర్టులో కళాసీ. ఓడలోంచి సరుకు దించే పని. ఏ ఓడ వచ్చిందో మాకు నాన్న ఒంటిని చూస్తే తెలిసిపోయేది. బొగ్గు ఓడ అయితే నల్లగా వచ్చేవాడు. గంధకం ఓడ అయితే కనురెప్పల వెంట్రుకల దాకా పసుపురంగు పట్టి, కళ్లు ఎర్రబడి వచ్చేవాడు. ఆ రోజుల్లో కళాసీలందరూ తువ్వాలు తడిపి ముక్కుకీ నోటికీ కట్టుకుని ఓడ అడుక్కి దిగేవారు. పని దిగాక తలా ఒక బెల్లం ముక్క తినేవారు. బెల్లం తింటే మింగిన దుమ్మంతా దిగిపోతుందని వాళ్ల నమ్మకం. మా తాతయ్య కూడా అదే పోర్టులో అలాగే తువ్వాలు కట్టుకుని, అలాగే బెల్లం తిని పనిచేశాడు. నాకు గుర్తున్న తాతయ్య మాత్రం అరుగు మెట్టు ఎక్కడానికి ఆయాసపడి, మాట మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా మాట చెప్పే మనిషి. అతను పోయాక, నాన్న పొద్దున్న దగ్గుతుంటే అమ్మ పొయ్యి దగ్గర చేస్తున్న పని ఆపి వినేది. దగ్గు ఆగాక మళ్లీ పనిలో పడేది.

అలాంటప్పుడు వాళ్ల గ్యాంగుకి మాస్కులు వచ్చాయి. నల్లటి రబ్బరు మాస్కు, ముక్కూ నోరూ గడ్డమూ కప్పేది, చెరో పక్కా ఒక గుండ్రటి డబ్బా, అందులో దుమ్మును ఆపే ఫిల్టరు. నాన్న దాన్ని తుడిచి మేకుకి తగిలించి, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాన్న గ్యాంగులోనే ఉండేవాడు. మేస్త్రీ నేర్పిన పద్ధతి మాకు చూపించింది అతనే. మాస్కు పెట్టుకుని, అరచేతులతో రెండు డబ్బాలూ మూసి, గట్టిగా ఊపిరి పీల్చాలి. మాస్కు మొహానికి అతుక్కుపోతే సరిగ్గా పెట్టుకున్నట్టు. అతుక్కోకపోతే ఎక్కడో సందు ఉన్నట్టు. నాన్న దగ్గు తగ్గుముఖం పట్టింది. అమ్మ పొయ్యి దగ్గర ఆగడం మానేసింది.

కార్తీకం వచ్చింది, నాన్న అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఇంట్లో అందరం నాన్నని స్వామీ అనే పిలవాలి. పనిలోకి బూట్లు వేసుకోవడానికి గురుస్వామి ఒప్పుకున్నాడు గానీ, గడ్డం మాత్రం కొండకి వెళ్లొచ్చేదాకా తీయకూడదు. గడ్డం ఒత్తుగా పెరిగింది. దానితోపాటే పొద్దుటి దగ్గు మళ్లీ వచ్చింది. చలికాలం కదా అన్నాడు నాన్న.

ఒక ఆదివారం మధ్యాహ్నం మావయ్య వచ్చాడు. గంధకం ఓడ జెట్టీకి చేరిందనీ, మర్నాటి నుంచి ఓడ అడుగున పని తమ గ్యాంగుదేననీ చెప్పి, మెల్లగా అసలు విషయం ఎత్తాడు.

"స్వామీ, గెడ్డం మీద మాస్కు నిలబడదని మేస్త్రీ మొన్న సెప్పాడు గదా. ఎంట్రుకల సందుల్లోంచి దుమ్ము దూరిపోద్దంట."

"సందు ఎతుక్కుని దూరడానికి దుమ్మేటి, ఎలకా?" అన్నాడు నాన్న. "పట్టీ ఇంకో కన్నం బిగించానంటే గాలే దూరదు."

"నీతో వాదించలేను బావా." నాలిక్కరుచుకున్నాడు. "స్వామీ."

అంతటితో ఆ మాట ఆగిపోయేదే. మాల వేసుకున్న మనిషిని గడ్డం గీసుకోమని ఎవరంటారు? అది దేవుడికి మొక్కుకున్నది. కానీ అమ్మ వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. తమ్ముడిని పిలిచి, ఇంటికెళ్లి మాస్కు పట్టుకు రమ్మంది. అతను వచ్చేసరికి పొయ్యి మీద మూకుడు పెట్టి, చేటలో ఎండుమిరపకాయలు సిద్ధం చేసుకుంది.

"కారం ఎలాగూ కొట్టుకోవాల. మీరిద్దరూ ఆ మాస్కులు ఎట్టుకుని ఇక్కడ కూకోండి" అంది.

నాన్నకి అర్థమైంది. నవ్వి, మాస్కు పెట్టుకుని, పట్టీ నిజంగానే ఇంకో కన్నం బిగించి, గోడకి ఆనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మావయ్య ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మిరపకాయలు మూకుట్లో వేసి, తిరగతిప్పి, బయటికొచ్చి తలుపు దగ్గర నిలబడింది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఘాటు అక్కడిదాకా వచ్చింది. గౌను అంచు ఎత్తి ముక్కుకి పెట్టుకున్నాను. కొంచెం ఆగింది గానీ మొత్తం ఆగలేదు. దగ్గు దగ్గే.

లోపల ఇద్దరి కళ్లల్లోంచీ నీళ్లు కారుతున్నాయి. మాస్కు కళ్లని కప్పదు కదా. కానీ మావయ్య కదలకుండా కూర్చున్నాడు, ఛాతీ నెమ్మదిగా పైకీ కిందికీ ఆడుతోంది. నాన్న ఒకసారి దగ్గాడు. ఆపుకున్నాడు. మళ్లీ దగ్గాడు. ఆ తర్వాత ఆపుకోలేక, మాస్కు పీకేసి, మమ్మల్ని తోసుకుంటూ అరుగు మీదకి వచ్చిపడ్డాడు. లోపల మావయ్య మాస్కులోంచి ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. బయటికొచ్చాక ఏమన్నావని అడిగితే, స్వామియే శరణం అన్నానన్నాడు.

నాన్న ఒప్పుకోలేదు. "నాకిచ్చిన మాస్కే తేడా. నీది మంచిది తగిలింది" అన్నాడు. మాస్కులు తుడిచి మార్చుకున్నారు. అమ్మ ఇంకో పిడికెడు మిరపకాయలు వేసింది. మావయ్య మాస్కుతో కూడా నాన్న దగ్గాడు. నాన్న మాస్కు పెట్టుకున్న మావయ్య మాత్రం, వాసన తెలుస్తోంది గానీ ఘాటు గొంతుకి తగలట్లేదని వేళ్లతో సైగ చేసి చూపించాడు. ఆ ఫిల్టరు దుమ్మునీ, ఘాటును మోసుకొచ్చే పొగ నలుసుల్నీ ఆపుతుంది, వాసనని కాదు. ఆ తేడా నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఈసారి నాన్న మాస్కు తీసి పక్కన పెట్టాడు. అరుగు మీద తలొంచుకుని కూర్చున్నాడు. అప్పుడు అమ్మ చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మాస్కు తీసుకుని తుడిచి, తను పెట్టుకుని, వంటింట్లోకి వెళ్లింది. వెంటనే దగ్గుతూ బయటికొచ్చింది.

"నాకు గెడ్డం లేదు గదా, మరి నాకెందుకొచ్చింది?" అని తమ్ముడిని అడిగింది. మావయ్య దగ్గరికొచ్చి చూస్తే మాస్కు పెద్దది, అమ్మ మొహం చిన్నది. ముక్కు పక్కన వేలు పట్టేంత సందు. "అయితే స్వామి తప్పేటి నేదు" అంది అమ్మ. "ఏ మొగానికి తగ్గ మాస్కు ఆ మొగానికుండాల."

ఆ మాటతో నాన్న తలెత్తాడు. అమ్మ అతని పక్కనే మెట్టు మీద కూర్చుని, కళ్లు కొంగుతో తుడుచుకుంటూ మామూలుగానే అంది. "మీ నాన్నగారు ఈ మెట్టెక్కడానికి నాను సెయ్యి ఇచ్చేదాన్ని. మీకూ ఇత్తాను. గానీ అంత తొందరేటి?"

మర్నాడు నాన్న గడ్డంతోనే పనికి వెళ్లాడు. కానీ మేస్త్రీని అడిగి, అడుక్కి దిగకుండా పైన గాలి వచ్చే వైపు నిలబడి క్రేనుకి సైగలు చేసే పని తీసుకున్నాడు. లోపలికి మావయ్య దిగాడు. ఆ సాయంత్రం ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే విన్నాను. గంధకం అంటే భయం వేసిందా, నీ సామి కాపాడడా అని గ్యాంగులో ఎవరో ఎత్తిపొడిచారట. "కాపాడబట్టే పైనున్నాను. కింద మా బామ్మర్ది ఉన్నాడు, ఆడి గెడ్డం నున్నగుంది" అన్నాడట నాన్న. కొండకి వెళ్లొచ్చి, గడ్డం గీయించుకున్నాక, మావయ్య తన బదులు ఎన్నాళ్లు దిగాడో అన్నాళ్లూ తను దిగి, అతన్ని పైన ఉంచాడు. మరుసటేడు మాల వేసుకున్నవాళ్లందరూ అలాగే మార్చుకున్నారు. తర్వాత అది ఆ గ్యాంగుకి పద్ధతి అయిపోయింది. బెల్లం మాత్రం మానలేదు. అది కడుపులోకి పోతుంది గానీ ఊపిరితిత్తుల్లోకి కాదని మావయ్య అంటే, తీపి తినడానికి కారణం కావాలేటి అని నాన్న అనేవాడు.

ఆ పర్యావరణం పేపరులో ఇదంతా కథలా రాయలేదు, జవాబులాగే రాశాను. మాస్కు ఎంత మంచిదన్నది ఒక మాట, అది ఆ మొహానికి అతుక్కుందా అన్నది ఇంకో మాట. దుమ్మును ఆపేది గ్యాసును ఆపదు, గ్యాసుకి వేరే డబ్బా ఉంటుంది. మూసి ఉన్న ట్యాంకులాంటి చోట పీల్చడానికి సరిపడా గాలే లేకపోతే ఏ ఫిల్టరూ గాలిని పుట్టించలేదు, బయటి నుంచి గాలి అందించే ఏర్పాటు ఉండాలి, లేదంటే దిగకూడదు. వీటన్నిటికంటే ముందు, దుమ్ము లేవకుండా చూడగలమా, మనిషిని అక్కడికి పంపకుండా పని అవుతుందా అని చూడాలి. కరోనా రోజుల్లో మా వీధిలో ముక్కు కిందికి మాస్కు దించుకుని తిరిగేవాళ్లతో నేను గొడవపడలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, ముక్కు మీది తీగని నొక్కి, సందు ఎక్కడుందో వాళ్ల చేతికే తగిలేలా చూపించాను. మొదట నా మొహానికే పెట్టుకుని, నాకూ సరిగ్గా కుదరలేదని చూపించేదాన్ని. ఆ రోజు నుంచి నాతో ఉన్నది మాస్కు సంగతి ఒక్కటే కాదు. మనిషికి తన తప్పు తెలియాలంటే పక్కన ఇంకొకరు దగ్గాలి.

ఫోను ఛార్జింగ్ ఎక్కింది. ఇక చెయ్యాల్సినవాళ్లు. ముందు దువ్వాడ. మావయ్య ఎత్తితే తనే కబుర్లన్నీ చెప్పేస్తాడు కాబట్టి, అమ్మకియ్యి అంటూనే మొదలెట్టాలి. తర్వాత కూతురు, దానికి మధ్యాహ్నం అన్నం వేళ అయితేనే కుదురుతుంది. నాతోపాటు పేపరు మళ్లీ రాసిన కంచరపాలెం ఆవిడకి చెయ్యాలి, తన రిజల్టు ఏమైందో అడిగి తెలుసుకున్నాకే నాది చెప్పాలి. నాకు నోట్సు ఇచ్చిన పక్కింటి అక్క ఊరెళ్లింది, ఆవిడకీ.

ఆఖరికి మా అబ్బాయి. గాజువాక వైపు ఒక షెడ్డులో గ్రైండింగ్ పని చేస్తాడు, ఈ మధ్యే మాల వేసుకున్నాడు. అక్కడ పనిలో చేరినప్పుడు మాస్కు పెట్టించి, తలకి సంచీలాంటిది తొడిగి, చేదు మందు పిచికారీ చేసి, చేదు తగలకపోతే మాస్కు సరిపోయిందని రాసిచ్చారట. ఆ పరీక్ష పాసయ్యాను కదమ్మా అంటాడు. వాడు పాసైన మొహం వేరు, ఇప్పుడున్న మొహం వేరు. అందుకే వాడికి రెండు సంగతులు చెప్పాలి. మీ అమ్మ డిగ్రీ పాసయింది. సాయంత్రం తిన్నగా ఇంటికి రా స్వామీ, వచ్చేటప్పుడు మాస్కు తెచ్చుకో, మిరపకాయలు ఎండలో పెట్టాను.