పోలేరమ్మ కుండ ఎత్తే ముందు

ఈ ఉదయం గుడి పక్క బావి నీళ్ళు దోసిట్లో పట్టి నోట్లో పోసుకోగానే పెంచలమ్మత్త గుర్తొచ్చింది. నాలుకకు సన్నగా ఉప్పు తగిలింది. తోటపల్లి గూడూరు దగ్గరి మా ఊళ్ళో పోలేరమ్మ కొలుపు జాతర మొదలవ్వాలంటే ముందు ఈ బావి నీళ్ళు కుండతో అమ్మ దగ్గరికి చేరాలి. అది ఆడవాళ్ళు మోసే కుండ. అత్త బతికున్నన్నాళ్ళూ ఆమే మోసింది.

మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. నా రెండు జడలూ అల్లింది ఆమే, తప్పు చేస్తే ఆ జడలు పట్టి లాగిందీ ఆమే. కుండ నింపే ముందు ఆమె దోసెడు నీళ్ళు తాగి చూసేది. “అమ్మకిచ్చేది ఎంగిలి చేస్తావేందత్తా?” అని అడిగానొకసారి.

“బిడ్డకు పాలు పట్టేముందు చేతిమీద చుక్క ఏసుకోని చూడమా? అమ్మ మాత్రం నోరు తెరిచి చెప్తాదా ఏంది, మనమే చూసుకోవాల” అంది నవ్వుతూ.

భక్తి అంటే కళ్ళు మూసుకోవడమని అప్పటిదాకా అనుకునేదాన్ని.

తర్వాత ఆమె మరిది రమణయ్య మామ బావి పక్క చేలో రొయ్యల గుంట తవ్వించబోయాడు. ఉప్పునీళ్ళు పెడితే బావి చెడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఆ చేలో అత్తకూ భాగముంది. కొలుపు నాడు ఆమె కుండ బోర్లించి బావిగట్టు మీద కూర్చుంది. డప్పులు ఆగిపోయాయి.

“ఊరంతా చూస్తుండాది వదినా. కావాలంటే అమ్మకి క్యాను నీళ్ళు తెప్పిస్తా” అన్నాడు మామ.

“తెప్పించు నాయనా. గొడ్లకీ తెప్పిస్తావా? కాకులకో?”

ఆయన బావిలోకి తొంగి చూసి, “తవ్వనులే, ఎత్తు” అన్నాడు. చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మరిది. అత్త లేచి ఆయన తల నిమిరింది. “నీకూ దాహమైతాది గదరా” అంది. ఆ గొంతులోని ప్రేమ తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

అత్త పోయింది. మామ మాట తప్పలేదు గానీ, చుట్టూ మిగతావాళ్ళ చేలన్నీ రొయ్యల గుంటలయ్యాయి. ఈ ఏడు కుండ నాకిచ్చారు.

“ఎత్తమ్మా, పొద్దెక్కతా ఉండాది” అన్నాడు మామ. ఆయన దోసిట్లో నీళ్ళు పోశాను. తాగాడు. ఉప్పు తగిలి మిగిలినవి ఒలకబోశాడు.

కుండ బోర్లించి గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి మామ తలగుడ్డ తీసి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.